వేగానికి ముకుతాడు: రికార్డు పడవల కథ

బ్రిటన్‌లో స్థిరపడిన మన కుటుంబాలలో లేక్ డిస్ట్రిక్ట్ చూసిరానివారు తక్కువ. విండర్‌మియర్, కోనిస్టన్ ఒడ్డున పులిహోర పొట్లాలు విప్పుకునేటప్పుడు పిల్లలకు చెప్పదగిన కథ ఒకటుంది. నీటిమీద మనిషి ఎంత వేగంగా పోగలడన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి కొందరు ఆ సరస్సుల మీదే ప్రాణాలొడ్డారు.

1930 జూన్ 13న విండర్‌మియర్‌లో సర్ హెన్రీ సెగ్రేవ్ గంటకు 98.76 మైళ్ల రికార్డు సాధించాడు. ఆ రోజే పడవ బోల్తాపడి మరణించాడు. 1939లో కోనిస్టన్‌లో సర్ మాల్కం క్యాంప్‌బెల్ 141.74 మైళ్లకు చేరుకున్నాడు. విమానాల ఇంజన్లు దొరుకుతున్నాయి కనుక బలానికి కొదవలేదు. కొదవల్లా నిలకడకే.

నెమ్మదిగా పోయే పడవ నీటిని చీల్చుకుంటూ పోతుంది. వేగం హెచ్చితే నీటిమీదికి లేచి జారుతుంది. రికార్డు పడవలు చాలావరకు కేవలం మూడు చిన్న తావుల్లోనే నీటిని తాకుతాయి. నీటి ఒరిపిడి తగ్గుతుంది నిజమే, కాని దానితోపాటు పట్టూ తగ్గుతుంది. అప్పుడు ముక్కు లయగా లేస్తూ పడుతూ ఉండడం ఒక జబ్బు, పక్కలకు ఊగిసలాడడం మరొకటి. మామూలు స్పీడ్‌బోట్లలోనూ ఇవి కనిపిస్తాయి. బరువు ముందుకు జరిపి, ప్రొపెల్లర్ వాలు సరిచేస్తే తరచు కుదురుకుంటాయి.

రెండువందల మైళ్లు దాటాక అసలు శత్రువు నీరు కాదు, గాలి. వేగం రెట్టింపైతే గాలి ఎత్తే బలం నాలుగింతలవుతుంది. ముక్కు కాస్త లేస్తే ఆ బలం ఇంకా పెరుగుతుంది, ముక్కు మరింత లేస్తుంది. వెనక బరువెక్కిన ఎడ్లబండి కాడి ఒక్కసారిగా పైకి లేచినట్టే పడవ వెనక్కు తిరగబడుతుంది.

1952 సెప్టెంబరు 29న స్కాట్లండ్‌లోని లాక్ నెస్ సరస్సుమీద జాన్ కాబ్ జెట్ పడవ ‘క్రూసేడర్’ రెండువందల మైళ్లు దాటింది. అంతలో అలలు తగిలి ఎగిరెగిరిపడి ముక్కలైంది. కాబ్ దక్కలేదు. రికార్డు కావాలంటే గంటలోపల రెండు దిశలా పరుగుతీయాలి, ఆ రెండింటి సగటునే లెక్కిస్తారు. అందుచేత ఆయన వేగం రికార్డుగా నమోదు కాలేదు.

మాల్కం కొడుకు డొనాల్డ్ కోసం నోరిస్ సోదరులు ‘బ్లూబర్డ్ కె7’ను రూపొందించారు. 1955లో తొలి పరీక్షల్లో నీటి తుంపర్లు ఇంజన్‌లోకి పోయి అది ఆగిపోయేది. ముందరి తేలుడు దిమ్మెలను మోసే అడ్డదూలాన్ని పైకెత్తి ఆ లోపాన్ని సరిచేశారు. జూలై 23న అల్స్‌వాటర్‌లో అది 202.32 మైళ్లు పోయింది. క్రమంగా పెరుగుతూ 1964 చివరిరోజున ఆస్ట్రేలియాలో 276.33కు చేరింది.

1966లో మరింత బలమైన ఇంజన్ బిగించారు. 1967 జనవరి 4న కోనిస్టన్‌లో తొలి పరుగు వేగం 297.6 మైళ్లు. సరస్సు తేరుకునేదాకా ఆగకుండా డొనాల్డ్ వెంటనే వెనుదిరిగాడు. మూడువందలు దాటాక పడవ ఎగరసాగింది, ముక్కు లేచి పల్టీకొట్టింది. కారణాలపై నిపుణుల్లో వాదం ఉంది. కొందరు తన అలలే తనకు తగిలాయంటారు, కొందరు ముక్కును అణచి ఉంచే ఇంజన్ తోపు తగ్గిందంటారు. పడవనూ డొనాల్డ్ దేహాన్నీ 2001లోగాని వెలికితీయలేకపోయారు.

ఈ విద్యలో గెలిచి బతికి బట్టకట్టినవాడు ఆస్ట్రేలియాకు చెందిన కెన్ వార్బీ. సిడ్నీలో తన ఇంటి పెరట్లోనే కొయ్యతో, ఫైబర్‌గ్లాస్‌తో ‘స్పిరిట్ ఆఫ్ ఆస్ట్రేలియా’ కట్టాడు. జెట్ ఇంజన్‌ను మిలిటరీ పాత సామాను వేలంలో కొన్నాడు. టామ్ ఫింక్ అనే ప్రొఫెసర్ సలహా తీసుకున్నాడు. పడవ తోకమీద అడ్డంగా ఒక రెక్క ఉంది. ముక్కు లేవబోతే ఆ రెక్కమీద గాలి తోకను ఎత్తుతుంది, ముక్కు దానంతటదే దిగుతుంది. 1977లో 288.6 మైళ్లు, 1978 అక్టోబరు 8న బ్లవరింగ్ జలాశయంలో 317.6 మైళ్లు సాధించాడు. 2023లో ఆయన పోయేనాటికీ ఆ రికార్డు చెక్కుచెదరలేదు. దాన్ని బద్దలుకొట్టబోయి 1980లో లీ టేలర్, 1989లో క్రెయిగ్ ఆర్ఫన్స్ బలయ్యారు.

పందేల్లో 1981లో బిల్ మన్సీ, 1982లో డీన్ చెనోవెత్ పడవలు గాలికి తిరగబడి మరణించారు. ఆ తరువాత, 1986 నుంచి, యుద్ధవిమానపు మూతగది పడవల్లోకి వచ్చింది. తిరగబడడం పూర్తిగా మానలేదు కాని, తిరగబడినా మనిషి బతికే అవకాశం బాగా పెరిగింది.

వైద్యవృత్తిలో ఉన్న నాకు ఇందులో ఒక పాఠం తోస్తుంది. జబ్బు ముందుగా చిన్న వణుకుగానే కనిపిస్తుంది. దాన్ని కొలిచి, కారణం పట్టి, ఒక్కొక్కటే మార్చి చూసినవాళ్లు ఆ వణుకును మాన్పారు. ఇంకొక్క పరుగే కదా అని తొందరపడినచోట ఎంత గొప్ప యంత్రమైనా క్షమించలేదు. ఈసారి కోనిస్టన్ వెళ్లినప్పుడు అక్కడి రస్కిన్ మ్యూజియంలో, మళ్లీ కూర్చి నిలిపిన బ్లూబర్డ్‌ను పిల్లలకు చూపించండి. వేగం గురించి అడుగుతారు. నిలకడ గురించి కూడా చెప్పండి.