ఒక పాత్ పంక్తికి ప్రతిపద వ్యాఖ్య

మూలం:
ఎక్స్‌పోర్ట్ పాత్="$హోమ్/.పైఎన్వ్/షిమ్స్:$పాత్"

అవతారిక: పైథాన్ 3 వచ్చింది 2008లో, పైథాన్ 2కి మద్దతు ఆగింది 2020 జనవరి 1న. ఆ మధ్యకాలమంతా చాలామంది కంప్యూటర్లలో రెండూ ఉండక తప్పలేదు. నేటికీ ఒక ప్రాజెక్టు 3.9 అడిగితే మరొకటి 3.12 అడుగుతుంది. లినక్స్‌తో వచ్చిన పైథాన్‌ను తీసేద్దామంటే వీల్లేదు; సెంటాస్ 7లో ప్యాకేజీలు ఎక్కించే యమ్ దాని మీదే నడిచేది. దాన్ని ముట్టుకోకుండా కొత్తవాటిని పక్కన నిలిపే సాధనం పైఎన్వ్. టెర్మినల్ తెరవగానే అది చేసే ఏర్పాటుకు సారం ఈ పంక్తి.

ఎక్స్‌పోర్ట్ – ఈ విలువను షెల్ తాను నడిపే ప్రోగ్రాములకూ అందించాలని ఆదేశం. అప్పటికే తెరిచి ఉన్న ఎడిటర్‌కు మాత్రం ఇది చేరదు. టెర్మినల్‌లో ఒక వెర్షన్, ఎడిటర్‌లో ఇంకొకటి కనబడడానికి ఇదొక కారణం.

పాత్ – డైరెక్టరీల వరుస. ‘పైథాన్’ అని కొట్టగానే షెల్ ఈ వరుసను ఎడమ నుంచి వెతికి, మొదట దొరికినదాన్ని నడుపుతుంది. ఆ తర్వాత ఎంత కొత్తది ఉన్నా చూడదు. వెర్షన్ సంఖ్యతో దానికి పనే లేదు.

$హోమ్ – వాడుకరి సొంత డైరెక్టరీ. కనుక ఇక్కడ ఏం పెట్టుకున్నా సుడో అక్కర్లేదు.

షిమ్స్ – పంక్తికి ప్రాణం ఈ పదమే. ఈ డైరెక్టరీలో పైథాన్, పిప్ పేర్లతో చిన్న స్క్రిప్టులుంటాయి. అసలు పైథాన్‌లు వేరే చోట, వెర్షన్‌కొక డైరెక్టరీలో ఉంటాయి. పిలుపు అందగానే షిమ్ ద్వారా పైఎన్వ్ ఏది కావాలో తేల్చుతుంది: ముందు పైఎన్వ్_వెర్షన్ అనే వేరియబుల్, లేదంటే ఉన్న డైరెక్టరీలోని .పైథాన్-వెర్షన్ ఫైలు, అక్కడా లేకుంటే పై డైరెక్టరీల్లో అదే ఫైలు, ఆపైన గ్లోబల్ ఫైలు, ఏదీ లేకుంటే సిస్టమ్ పైథాన్. ప్రాజెక్టు మారగానే వెర్షన్ దానంతటదే మారడం వెనుక ఉన్నది ఈ వరుసే. ఈ ఉపాయం రూబీ వాళ్ల ఆర్‌బీఎన్వ్ నుంచి వచ్చింది. నోడ్ వాళ్ల ఎన్‌వీఎమ్ దారి వేరు: షిమ్ జోలికి పోకుండా పాత్‌నే తిరగరాస్తుంది.

కోలన్ – డైరెక్టరీలను విడదీసే గుర్తు, విండోస్‌లో సెమీకోలన్. పొరపాటున రెండు కోలన్లు పక్కపక్కనే పడితే నడుమ ఖాళీని షెల్ ‘ప్రస్తుత డైరెక్టరీ’గా తీసుకుంటుంది. ఎవరిదో డైరెక్టరీలో నిలబడి కమాండ్ కొట్టేవారికి అది ప్రమాదం.

$పాత్ – పాత వరుస. దీన్ని మరిస్తే ఎల్ఎస్ కూడా దొరకదు. దీన్ని షిమ్స్‌కు ముందు రాస్తే సిస్టమ్ పైథానే మొదట తగులుతుంది. షిమ్స్ ఉండీ లేనట్టే.

తాత్పర్యం: ఒకే యంత్రంలో ఎన్ని వెర్షన్లున్నా చిక్కులేదు, ఏది ముందు దొరకాలో తేల్చితే చాలు. అనుమానమొస్తే మళ్లీ ఇన్‌స్టాల్ చేయబోయే ముందు ‘పైఎన్వ్ వెర్షన్’ అని అడగాలి. ఏ వెర్షన్ ఎంపికైందో, ఏ ఫైలు లేదా వేరియబుల్ చెబితే ఎంపికైందో రెండూ చెబుతుంది.