నిందకూ పల్లమే తెలుసు: సికింద్రాబాద్ నాలాల చర్చలో నైతిక తీర్పు

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని సామెత. సికింద్రాబాద్‌లో గట్టి వాన పడ్డ మర్నాడు పేపర్లు తిరగేసినా, టీవీ చర్చలు విన్నా ఆ సామెతకు ఇంకో ముక్క చేర్చాలనిపిస్తుంది: నిందకు కూడా పల్లమే తెలుసు. ఎగువ కాలనీల మీద, కంటోన్మెంట్ మైదానాల మీద కురిసిన నీళ్ళు పికెట్ నాలాలోకీ బేగంపేట నాలాలోకీ దిగి రసూల్‌పురా, బ్రాహ్మణవాడి ఇళ్ళలో చేరతాయి. వాన వెలిశాక 'తప్పెవరిది' అన్న ప్రశ్న కూడా అదే దారిన దిగి అవే గడపల ముందు ఆగుతుంది. నాలా కబ్జా చేసి ఇళ్ళు కట్టుకుంటే మునగక ఏమవుతుంది అంటారు. అడిగినవాళ్ళు అడిగినట్టే ఉంటారు. జవాబు కోసం ఆగరు.

ఆ ప్రశ్నలో ఇమిడి ఉన్న నైతిక తీర్పును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రజాస్వామ్య చర్చలో తప్పొప్పులు ఎంచడం అవసరమే. కానీ నలుగురిలో పరువు తీయడం ఎక్కడ మొదలవుతుందో అక్కడ సాక్ష్యం ఆగిపోతుందన్నది నా వాదన. సిగ్గుతో తలదించుకున్న మనిషి తనకు తెలిసింది చెప్పడు. వరద గురించి మాత్రం అందరికన్నా ఎక్కువ తెలిసింది ఆ మనిషికే.

వాతావరణ మార్పు మీద పాశ్చాత్య దేశాల్లో జరిగే నైతిక చర్చకు విమానం, మాంసం, పెద్ద కారు కేంద్రాలు. విమానం ఎక్కినందుకు సిగ్గుపడటానికి స్వీడన్‌లో 2018 నాటికి ప్రత్యేకంగా ఒక మాటే వాడుకలోకి వచ్చింది. 2019 సెప్టెంబర్ 23న ఐక్యరాజ్యసమితిలో గ్రేటా థున్‌బర్గ్ దేశాధినేతలను ముఖం మీదే నిలదీసింది. మన దగ్గర ఈ చర్చ ఆ పేరుతో జరగదు, వరద పేరుతో జరుగుతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది. ఆ తేమ ఒక్క రాత్రిలో కుమ్మరించినప్పుడు ఏమవుతుందో బేగంపేట వాతావరణ కేంద్రం లెక్కలు చెబుతాయి. 2000 ఆగస్టు 24న 24 గంటల్లో 241.5 మి.మీ. వాన అక్కడ నమోదైంది. 2020 అక్టోబర్ 14 ఉదయానికి 191.8 మి.మీ. పడింది. ఇందులో ప్రతి వానకూ భూతాపమే కారణమని నేను అనడం లేదు. ఇలాంటి వానలు ఇకమీదట తరచుగా వస్తాయని మాత్రం శాస్త్రం చెబుతోంది. అందువల్ల నాలా గురించి మనం ఏం మాట్లాడినా అది వాతావరణ చర్చే.

కబ్జా, సడలింపు

1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద తర్వాత నగరంలో పుట్టిన కథ ఒకటి ఇప్పటికీ చెప్పుకుంటారు: నది కోపించిందని, నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఒడ్డుకు వచ్చి చీర, గాజులు సమర్పించి శాంతింపజేశాడని. ఆ తర్వాత వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య కారణం కోసం ఎగువకు చూశాడు. పైనున్న చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగడాన్ని లెక్కలోకి తీసుకుని, నగరానికి పైన జలాశయాలు కట్టాలన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చింది అలాగే. ఇంత పెద్ద విపత్తులో ఆయన దోషి కోసం కాక కారణం కోసం వెతికాడు. ఈ తేడా చిన్నది కాదు.

ఆ రెండు జలాశయాల ఎగువ భూమిని కాపాడటానికి 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తివేశారు. దాని మీద విమర్శలు రాకపోలేదు, పర్యావరణవేత్తలు గట్టిగానే మాట్లాడారు. కానీ ఆ నిర్ణయం తీసుకున్నవారిని గానీ, దాని వల్ల భూమి ధర పెరిగి లాభపడ్డవారిని గానీ ఎవరూ 'కబ్జాదారులు' అనలేదు. అనడానికి వీల్లేదు కూడా, అది చట్టబద్ధమైన ఉత్తర్వు. నాలా పక్కన 40 గజాల్లో రేకుల ఇల్లు వేసుకున్నవాడిది కబ్జా. వేల ఎకరాల నీటి పరీవాహక భూమిని నిర్మాణాలకు తెరవడం సడలింపు. నీటికి ఈ రెండు మాటల తేడా తెలియదు. మన నైతిక భాషకు మాత్రం బాగా తెలుసు.

చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించడానికి 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా సంస్థ ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంటలో ఒక కన్వెన్షన్ సెంటర్‌ను కూల్చినప్పుడు నగరంలో చాలామంది చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ళ మీదికి కూడా చట్టం వెళుతుందన్న ఆ సంతోషం నాకు అర్థమవుతుంది. నెల తిరిగేసరికి యంత్రాలు చిన్న ఇళ్ళ దాకా వచ్చాయి. సెప్టెంబర్ 30న అమీన్‌పూర్ కూల్చివేతపై హైకోర్టు అధికారులను నిలదీసింది, ఆదివారం నాడు అంత తొందర ఎందుకని అడిగింది. అదే రోజుల్లో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్, చైతన్యపురి ప్రాంతాల ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాశారు. నదీగర్భంలో ఉన్న ఇల్లు అని దాని అర్థం. సర్వే వాళ్ళకు అది ఒక గుర్తు మాత్రమే. ఆ ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉంటే, చుట్టాలు వచ్చి పోతుంటే, ఆ అక్షరాలు ఏమవుతాయో ఎర్ర రంగు డబ్బా పట్టుకున్నవాళ్ళు ఆలోచించలేదు.

ఈ ముద్ర చట్టంలో కూడా పని చేస్తుంది. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు కూల్చివేతలకు ముందు 15 రోజుల నోటీసు తప్పనిసరి అని చెప్పింది. అయితే రోడ్లు, నదులు, జలవనరుల మీద ఉన్న అనధికార కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని కూడా చెప్పింది. ఈ మినహాయింపుకు కారణం ఉంది, కాదనను. కానీ ఇల్లు నీటి దారిలో ఉందా లేదా అన్నదే అసలు వివాదమైనప్పుడు, ముందే పడ్డ ముద్ర విచారణను మింగేస్తుంది. 2012 నాటి జీవో 168 ప్రకారం పెద్ద చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు, 10 మీటర్ల లోపు వెడల్పున్న నాలాకు 2 మీటర్లు బఫర్ వదలాలి. ఆ రెండు మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలో తేలకుండానే తీర్పు బస్తీలో తిరుగుతుంది.

సాక్షి ఎవరు?

రసూల్‌పురాలో పికెట్ నాలా వైపు దిగే ఒక సందులో రెండు గదుల ఇంట్లో కూర్చున్నాను. గోడ మీద మూడు నీటి గీతలున్నాయి. పైది నా భుజం ఎత్తున ఉంది. బీరువా ఇటుకల మీద నిలబెట్టారు. ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, ఓటరు కార్డులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి దూలానికి వేలాడదీశారు. ఆ ఇంటి పెద్దామె వరద ఎలా వస్తుందో చెప్పింది. "నాలా దిక్కు నుంచి రాదు సారూ. ముందుగాల బాత్రూమ్ జాలీలకెళ్ళి బుడగలొస్తయి. బుడగలొచ్చినంక అర్ధగంటల నీళ్ళు గడప దాటుతయి." మోకాలి ఎత్తు రాకముందే పిల్లలను ఎవరి మిద్దె మీదికి పంపాలో, ఏ కల్వర్టు దగ్గర చెత్త ముందు అడ్డుపడుతుందో ఆమెకు తెలుసు. ఏ ఇంజనీరు నివేదికకైనా ఇది పనికొచ్చే సమాచారం. నేను నోట్‌బుక్ తీశాను. ఆమె గొంతు మారిపోయింది. "రాస్తున్రా? రాయకుండ్రి సారూ. మల్ల మా ఇల్లు లిస్టుల ఎక్కిస్తరు."

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. నిందితురాలిగా చూసినవాళ్ళకు ఆమె సాక్షి కాలేదు. కరెంటు మీటరు బిగించినవాళ్ళు, ఇంటి నంబరు వేసినవాళ్ళు, ఎన్నికల్లో వచ్చి ఓటడిగినవాళ్ళు ఎవరూ ఆనాడు ఇది నాలా అని గుర్తు చేయలేదు. నీళ్ళు వచ్చిన నాడే అందరికీ గుర్తొచ్చింది.

2023 ఏప్రిల్ 29న కళాసిగూడలో పాల ప్యాకెట్ కోసం తెల్లవారుజామున బయలుదేరిన బడిపిల్ల తెరిచి ఉన్న నాలాలో పడి చనిపోయింది. ఏప్రిల్ చివర్లో, వానాకాలం ఛాయలు కూడా లేని రోజుల్లో కురిసిన వాన అది. సాయంత్రానికల్లా కింది స్థాయి ఉద్యోగులు ఇద్దరు సస్పెండ్ అయ్యారు. వాళ్ళకు బాధ్యత లేదని కాదు. నాలా మీద కప్పు ఎందుకు లేదు, పనులు ఎందుకు ఆగాయి, డబ్బు ఎక్కడ ఆగింది అన్న ప్రశ్నలు ఆ సస్పెన్షన్ కాగితం కింద ఉండిపోయాయి. పరువు తీయడంలో ఉన్న ప్రమాదం ఇదే. ఏదో జరిగిందన్న తృప్తి వెంటనే ఇస్తుంది. ఆ తృప్తి విచారణను చల్లారుస్తుంది.

సిగ్గుకు ప్రజాజీవితంలో చోటే లేదంటారా అని అడగవచ్చు. తత్వవేత్త మార్తా నస్‌బామ్ 2004లో ప్రభుత్వం సిగ్గును శిక్షగా వాడకూడదని వాదించింది. పర్యావరణ పరిశోధకురాలు జెనిఫర్ జాకెట్ 2015లో వచ్చిన తన పుస్తకంలో సంస్థలను సిగ్గుపడేలా చేయడం ప్రజల చేతిలో మంచి ఆయుధమే అంది. ఇద్దరి మాటలూ ఇక్కడ సరిపోతాయి. 2025 వసంతంలో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో రాత్రింబగళ్ళు చెట్లు కూలుతుంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు దాన్ని దేశానికి చూపించారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరికివేతను ఆపింది. అక్కడ వేలెత్తి చూపింది ప్రభుత్వాన్ని. దానికి న్యాయవాదులున్నారు, పత్రికా సమావేశాలున్నాయి, జవాబు చెప్పుకునే వేదికలున్నాయి. బలవంతుణ్ణి నలుగురిలో నిలదీస్తే జవాబు వస్తుంది. బలహీనుణ్ణి నిలదీస్తే అతను తలుపు వేసుకుంటాడు.

మన పల్లె భాషలో దీనికి సంబంధించిన ఒక పాత వివేకం ఉంది. తెలంగాణలో 'తప్పు' అంటే దోషమే కాదు, జరిమానా కూడా. 'వానితోని తప్పు కట్టించిన్రు' అంటారు. తప్పు కట్టినవాడు మర్నాడు అందరితో కలిసి బంతిలో కూర్చుంటాడు. నేరశాస్త్రవేత్త జాన్ బ్రైత్‌వైట్ 1989లో సిగ్గును రెండు రకాలుగా విడదీశాడు, మనిషిని తిరిగి కలుపుకునేది ఒకటి, ముద్ర వేసి వెళ్ళగొట్టేది ఇంకొకటి. మన మాటల్లో మొదటిది తప్పు కట్టించడం, రెండోది వెలి. ఇలా తప్పు కట్టించిన పల్లె పంచాయతీలను నేను పొగడటం లేదు. ఆడవాళ్ళనూ దళితులనూ అవి ఎంత నలిపాయో తెలుసు. నాలా ఒడ్డు మనిషికి మాత్రం మనం తప్పు కట్టే దారి కూడా చూపడం లేదు, నేరుగా వెలే వేస్తున్నాం.

నింద తనకే తగిలినప్పుడు మన దేశం ఏమందో కూడా చూడాలి. 2021 నవంబర్ 13న గ్లాస్గో వాతావరణ సదస్సు ముగింపులో బొగ్గు వాడకాన్ని 'ఆపడం' బదులు 'తగ్గించడం' అని మార్పించినందుకు ప్రపంచ పత్రికలు మన దేశం మీద విరుచుకుపడ్డాయి. మనం చెప్పిన జవాబు న్యాయమైనదే. తలసరి లెక్కన మన ఉద్గారాలు ఏడాదికి సుమారు 2 టన్నులు, అమెరికావి 14 టన్నుల దాకా. బతకడానికి వెలువడే పొగనూ విలాసానికి వెలువడే పొగనూ ఒకే కాటాలో తూచకూడదని పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లోనే చెప్పారు. అంతర్జాతీయ వేదిక మీద ఇంత గట్టిగా చెప్పే ఈ న్యాయాన్ని పికెట్ నాలా దగ్గర ఎందుకు చెప్పం? బతకడానికి వేసుకున్న రేకులకూ, అమ్ముకోవడానికి పూడ్చిన చెరువుకూ తేడా చూడలేమా?

ఆక్రమణలు నిజం, నాలాలు వెడల్పు చేయాలన్నదీ నిజం. ప్యాట్నీ నాలా మీద కట్టడాలను 2025 జూన్‌లో తొలగించారు. మరుసటి నెల 18న కురిసిన వానకు పక్కనున్న పైగా కాలనీ మునిగి, జనాన్ని పడవల్లో బయటికి తెచ్చారు. అది మధ్యతరగతి కాలనీ. అక్కడివాళ్ళను ఎవరూ కబ్జాదారులనలేదు, బాధితులన్నారు. అదే సరైన మాట. ఆ మాట నాలాకు రెండు వైపులా ఉన్నవాళ్ళకు చెల్లాలి.

ఇంజనీర్లకు, పత్రికల వాళ్ళకు, పరిశోధకులకు నా విన్నపం ఇది: గోడ మీద గుర్తు వేయడానికి ముందు ఆ గోడ మీది నీటి గీతల గురించి అడగండి. చెప్పినవాళ్ళ ఇల్లు ఆ కారణంగా జాబితాకు ఎక్కదని రాసివ్వండి. చెప్పింది వినడానికి ఒక వేదిక కూడా ఉండాలి. రసూల్‌పురా సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డు కింద ఉంది. ఆ బోర్డుకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 జనవరిలో. 2023 ఏప్రిల్ 30న జరగాల్సిన ఎన్నికలను రద్దు చేశారు. బుడగల సంగతి చెప్పిన ఆ పెద్దామెకు, ఆ మాట తీసుకెళ్ళి బోర్డులో వినిపించడానికి తాను ఓటేసి గెలిపించుకున్న సభ్యుడు ఒక్కడూ లేడు.