పట్టీ తీసిన సిగార్‌కు మార్కులు: నిష్పాక్షికత ఎంత, విశ్వసనీయత ఎంత

సిగార్‌కు ఉండే రంగుల కాగితపు పట్టీని తీసేసి, అంకె మాత్రమే వేసిన తెల్ల పట్టీ చుట్టి, తయారీదారు ఎవరో తెలియనివ్వకుండా పరీక్షకుల చేతికిచ్చి మార్కులు వేయించే పద్ధతిని బ్లైండ్ పరీక్ష అంటారు. ఈ పద్ధతికి విస్తృత ప్రచారం తెచ్చింది 1992లో మార్విన్ షాంకెన్ అమెరికాలో ప్రారంభించిన సిగార్ అఫిషనాడో పత్రిక. వైన్ స్పెక్టేటర్ పత్రిక కూడా షాంకెన్ సంస్థ ప్రచురణే కావడంతో, వైన్లకు అలవాటైన 100 మార్కుల కొలమానమే సిగార్లకూ వచ్చింది. ఆ 100లో రూపానికి, కట్టుబడికి కలిపి 15, రుచికి 25, కాలే తీరుకు 25, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 35 మార్కులు కేటాయించారు. 95, ఆపై మార్కులు వస్తే క్లాసిక్ అనే హోదా. 90 నుంచి 94 వరకు అత్యుత్తమం. 70 కంటే తగ్గితే కొనవద్దన్న హెచ్చరిక.

ఈ మార్కులను అంచనా కట్టేటప్పుడు రెండు వేర్వేరు ప్రశ్నలు తరచూ కలగలిసిపోతాయి. మార్కు వేసినవాడికి బ్రాండు మీద ముందే ఉన్న మోజుగానీ అయిష్టంగానీ మార్కులోకి చొరబడిందా అన్నది నిష్పాక్షికతకు సంబంధించిన ప్రశ్న. అదే సిగార్ రకాన్ని అదే మనిషికి మళ్లీ ఇస్తే అదే మార్కు వస్తుందా అన్నది విశ్వసనీయతకు సంబంధించినది. పట్టీ తీసేయడం మొదటి ప్రశ్నకు చాలావరకు జవాబు చెబుతుంది. రెండోదాన్ని అది తాకనైనా తాకదు. బ్లైండ్ పరీక్షలో వచ్చిన మార్కు కాబట్టి నమ్మదగిందనే వాదన అందుకే సగం దారిలోనే ఆగిపోతుంది.

మొదటి ప్రశ్న విషయంలో ఈ పద్ధతి చేసే మేలు నిజమైనదే. పేరు, ధర మనిషి నాలుకను ఎంత మారుస్తాయో చెప్పడానికి ప్రయోగాల ఆధారం ఉంది. కాలిఫోర్నియాలో హిల్కె ప్లాస్మన్, ఆమె సహచరులు 2008లో ప్రచురించిన ప్రయోగంలో 20 మందికి ఒకే వైన్‌ను ఒకసారి 5 డాలర్లదని, మరోసారి 45 డాలర్లదని చెప్పి ఇచ్చారు. ధర ఎక్కువని విన్నప్పుడు వైన్ బాగుందనడమే కాదు, ఆనందానుభూతికి సంబంధించిన మెదడు భాగంలో చురుకుదనం కూడా పెరిగింది. అంటే వాళ్లు అబద్ధమాడలేదు. వాళ్లకు నిజంగానే ఎక్కువ నచ్చింది. సిగార్లలో ఈ ప్రలోభం మరింత బలమైనది. క్యూబా మీద 1962లో విధించిన ఆంక్షల తర్వాత అమెరికాలో ఆ దేశపు సిగార్లు చట్టబద్ధంగా దొరకలేదు. దొరకని వస్తువుకు వచ్చే ప్రతిష్ఠను పక్కనపెట్టి నికరాగ్వా, డొమినికన్ రిపబ్లిక్, హోండురస్ సరుకును క్యూబా సరుకు సరసన నిలబెట్టడానికి పట్టీ తీసేయడాన్ని మించిన ఉపాయం లేదు. కొత్త తయారీదారుకు పాత పేర్లతో సమానంగా పోటీపడే అవకాశం దక్కేది ఇక్కడే.

అయితే పట్టీ తీసేసినంత మాత్రాన సిగార్ పూర్తిగా అనామకం కాదు. కొస సన్నబడే టార్పెడో, నలుపలకలుగా అదిమిన సిగార్, తల దగ్గర ఆకును జడకొసలా మెలిపెట్టినది, క్యూబా పద్ధతిలో మూడు పొరల టోపీ తొడిగినది, ఇవన్నీ అనుభవజ్ఞుడికి ఆనవాళ్లే. మందాన్ని అంగుళంలో 64వ వంతుల లెక్కన కొలుస్తారు. అరుదైన కొలత ఒక్కటి చాలు, తయారీదారు ఎవరో ఊహించడానికి. పైఆకు రంగు కూడా దాగదు. లేత గోధుమ రంగు కనెక్టికట్ ఆకును చూడగానే మెత్తని రుచినీ, నల్లని మదురో ఆకును చూడగానే తీపినీ ఘాటునూ ఎదురుచూడడం సహజం. కళ్లు ముందే తీర్పు చెప్పేస్తే నాలుక దాని వెంట నడుస్తుందనడానికి బోర్డోలో మోరో, బ్రోషే, డ్యూబూర్దియూ చేసి 2001లో ప్రచురించిన ప్రయోగం గట్టి సాక్ష్యం. వైన్ తయారీ శాస్త్రం చదువుతున్న 54 మందికి వాసనలేని ఎరుపు రంగు కలిపిన తెల్ల వైన్ ఇస్తే, దాని వాసనను ఎర్ర వైన్లకు వాడే మాటలతోనే వర్ణించారు. సిగార్ పరీక్షలో రూపానికి విడిగా మార్కులున్నాయి కాబట్టి పరీక్షకుడు దాన్ని తేరిపార చూడక తప్పదు. చూసిన మనిషే తర్వాత రుచికి మార్కు వేస్తాడు. ఈ రెండు పనులను ఇద్దరికి అప్పగిస్తే ఈ లోపం చాలా తగ్గుతుంది. ప్రతి పరీక్ష చివర ఇది ఎవరి సిగార్ అనుకుంటున్నారని అడిగి, ఆ ఊహలు ఎన్నిసార్లు నిజమయ్యాయో లెక్కకడితే, దాపరికం ఎంతవరకు నిలిచిందో తేలిపోతుంది. మందుల పరీక్షల్లో ఇలాంటి తనిఖీ పరిచితమే.

ఇక విశ్వసనీయత. ఈ విషయంలో వైన్ రంగంలో జరిగిన పని సిగార్ రంగానికి అద్దం పడుతుంది. సంఖ్యాశాస్త్రం బోధించి, సొంతంగా వైన్ తయారుచేసే రాబర్ట్ హాడ్జ్‌సన్ కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో 2005 నుంచి కొన్నేళ్లపాటు ఒక పరీక్ష నడిపాడు. న్యాయనిర్ణేతలకు వరుసగా ఇచ్చే వైన్లలో ఒకే సీసాలోంచి పోసిన వైన్‌ను వాళ్లకు తెలియకుండా మూడుసార్లు చొప్పించాడు. 2008లో ప్రచురించిన ఫలితం ప్రకారం, మూడుసార్లూ ఒకే పతకం స్థాయిలో మార్కు వేయగలిగినవాళ్లు పదిమందిలో ఒక్కరే. మామూలు న్యాయనిర్ణేత వేసిన మార్కులు ఒకే వైన్‌కు అటూఇటూ నాలుగు మార్కుల మేర ఊగాయి. మరుసటి ఏడాది అతడే 13 అమెరికా పోటీలను పోల్చి చూశాడు. మూడుకు మించి పోటీల్లో పాల్గొన్న 2,440 వైన్లలో 47 శాతానికి ఎక్కడో ఒకచోట స్వర్ణ పతకం వచ్చింది. ఆ స్వర్ణ విజేతల్లోనే 84 శాతానికి మరోచోట ఏ పతకమూ రాలేదు. ఈ న్యాయనిర్ణేతలందరూ బ్రాండు చూడకుండానే మార్కులు వేశారు. పక్షపాతం లేకపోయినా నిలకడ లేదు.

సిగార్ పరిస్థితి ఇంతకంటే కష్టం. వైన్ విషయంలో ఒక సీసాలోంచి పదిమందికి పోయవచ్చు. ఒక సిగార్‌ను మాత్రం ఒక్కరే కాల్చగలరు. కాల్చాక అది బూడిద. నలుగురు పరీక్షకులు వేసే నాలుగు మార్కులు నిజానికి నాలుగు వేర్వేరు సిగార్ల మీద వేసినవి. వాటి మధ్య తేడా వస్తే అది మనుషుల అభిరుచిలోని తేడానా, సిగార్లలోని తేడానా చెప్పడానికి వీల్లేదు. సిగార్ అఫిషనాడో కావచ్చు, మరొకటి కావచ్చు, సిగార్ మార్కులన్నిటికీ మూలంలో ఉన్న చిక్కు ఇదే. దీని మీద జరగవలసినంత చర్చ జరగలేదు.

సిగార్లలో తేడాలు ఎందుకు వస్తాయో తయారీని చూస్తే అర్థమవుతుంది. మొక్క పైభాగాన ఎండ బాగా తగిలే ఆకు లిహేరో. ఘాటు ఎక్కువ, నెమ్మదిగా కాలుతుంది. మధ్య ఆకు సెకో సువాసనకు, కింది ఆకు వొలాదో చక్కగా కాలడానికి పనికొస్తాయి. ఈ ఆకులను కార్మికుడు చేత్తో పొందికగా పేర్చి, కట్టు ఆకుతో బిగించి, పైఆకు చుడతాడు. లిహేరో మధ్యలో కాక కాస్త పక్కకు జరిగితే సిగార్ ఒకవైపే కాలుతుంది. ఆకు ఒకచోట ముద్దకడితే దమ్ము అందదు. దమ్ము అందకపోతే పొగ తగ్గుతుంది, గట్టిగా లాగేకొద్దీ వేడెక్కి చేదెక్కుతుంది. ఆకు ఎంత మేలైనదైనా ఆ ఒక్క సిగార్‌కు రుచి మార్కు పడిపోతుంది. 1990ల సిగార్ గిరాకీ రోజుల్లో ఉత్పత్తిని వేగంగా పెంచిన క్యూబా కర్మాగారాల నుంచి ఇలా దమ్ము బిగిసిన సిగార్లు చాలా వచ్చాయి. ఆ తర్వాతే అక్కడ గాలి ఒత్తిడితో దమ్మును కొలిచే యంత్రాలు ప్రవేశపెట్టారు. నిల్వ కూడా ముఖ్యమే. సాధారణంగా 65 నుంచి 70 శాతం తేమలో సిగార్లను ఉంచుతారు. అంతకంటే తడిగా ఉన్నది సరిగా అంటుకోదు, ఎండినది వేడిగా, కారంగా కాలుతుంది. ఒకే పెట్టెలోని సిగార్లు కూడా ఏడాది ఆగాక వేరే రుచినివ్వవచ్చు. అందువల్ల మార్కు పక్కన పెట్టె తయారైన తేదీ, నిల్వ ఉంచిన కాలం, నమూనాలు అంగట్లో కొన్నవా తయారీదారు పంపినవా అన్న వివరం లేకపోతే ఆ అంకె అసంపూర్ణం. తయారీదారే ఏరి పంపిన నమూనాకు పట్టీ తీసేసినా పక్షపాతం పోదు. అది పెట్టెలోనే కూర్చుని వస్తుంది.

మార్కుల్లో తేడాలకు పరీక్షకుడి శరీరం మరో మూలం. ఒక రోబుస్టో రకం సిగార్ కాల్చడానికి గంట దాకా పడుతుంది. వైన్ పరీక్షకుడు పుక్కిలించి ఉమ్మేస్తాడు కాబట్టి ఒక పూటలో ముప్పై రకాలు చూడగలడు. సిగార్ పొగను ముక్కు ద్వారా వదిలినా, నోట్లోనే తిప్పినా నికోటిన్ ఒంట్లోకి చేరుతూనే ఉంటుంది. రోజుకు రెండు మూడు సిగార్లు దాటితే నాలుక మొద్దుబారుతుంది. ఘాటైన సిగార్ తర్వాత వచ్చిన మెత్తనిది చప్పగా తోస్తుంది. అందుకే సిగార్లు ఇచ్చే వరుసను ప్రతి పరీక్షకుడికీ మార్చాలి.

ఈ ఊగిసలాట అంతా మార్కులో ఎంత తేడా తెస్తుందో ఒక ఊహాత్మక లెక్క చూపిస్తుంది. ఒక్కో మార్కులో ప్రామాణిక విచలనం 3 అనుకుందాం. హాడ్జ్‌సన్ చూసిన ఊగిసలాటతో పోలిస్తే ఇది అతిశయోక్తి కాదు. నలుగురు ఒక్కో సిగార్ చొప్పున కాల్చి సగటు తీస్తే ఆ సగటు విచలనం 1.5. రెండు రకాల సగటుల మధ్య తేడాకు విచలనం సుమారు 2.1. అంటే నాలుగు మార్కులకు పైగా తేడా ఉంటే తప్ప ఒకటి మరొకటి కంటే మేలని ధీమాగా చెప్పలేము. 89, 91 మధ్య తేడా ఈ లెక్కలో కనిపించదు. అంగట్లో మాత్రం 90 గీతకు అటూ ఇటూ ఉండడం అమ్మకాలనే మార్చగలదు. పైగా పత్రికల్లో అచ్చయ్యే మార్కుల్లో ఎక్కువభాగం 80ల చివర, 90ల మొదట్లో గుమిగూడి ఉంటాయి. పేరుకు 100 మార్కుల కొలమానమే గానీ వాడుకలో ఉన్నది పదీ పన్నెండు మెట్లే.

ఏడాదికి ఒక ఉత్తమ సిగార్‌ను ఎంచుకోవడంలో ఈ సమస్య మరో రూపం దాలుస్తుంది. నిజమైన నాణ్యత అచ్చంగా 89 ఉన్న వంద రకాలను పైలెక్క ప్రకారం పరీక్షిస్తే, కేవలం యాదృచ్ఛికంగా వాటిలో అగ్రస్థానంలో నిలిచినదానికి సగటున 93 దగ్గర మార్కు వస్తుంది. మళ్లీ పరీక్షిస్తే అది 89 వైపు జారుతుంది. సిగార్ అఫిషనాడో 2004 నుంచి ప్రకటిస్తున్న వార్షిక ఎంపికలో, ఆ ఏడాది మంచి మార్కులు పొందినవాటిని మళ్లీ పట్టీలు తీసి దశలవారీగా పరీక్షిస్తుంది. ఇది మెచ్చుకోదగిన జాగ్రత్త. యాదృచ్ఛిక విజేతలు దీనివల్ల కొంతవరకు రాలిపోతారు. ఒక్కసారి కాల్చి వేసే మామూలు మార్కుకు ఈ రక్షణ లేదు.

ప్రకటనల ప్రభావం గురించిన అనుమానం కూడా పాతదే. సిగార్ పత్రికల్లో సిగార్ కంపెనీల ప్రకటనలే అధికం. జొనాథన్ రాయిటర్ 2009లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ ఉపయోగపడుతుంది. ప్రకటనలు తీసుకునే వైన్ స్పెక్టేటర్ మార్కులను, ప్రకటనలు తీసుకోని వైన్ అడ్వకేట్ మార్కులతో పోల్చి చూస్తే, ప్రకటనకర్తల వైన్లకు ఒక మార్కుకు కాస్త తక్కువగా అదనపు లాభం కనిపించింది. ఉద్దేశపూర్వకంగా వాళ్లకు మేలు చేశారనడానికి మాత్రం బలమైన ఆధారం దొరకలేదు. ఆ ఫలితాన్ని సిగార్లకు నేరుగా అంటగట్టలేము. కానీ ఒక మార్కు లోపు పక్షపాతం కంటే మూడు నాలుగు మార్కుల ఊగిసలాట పాఠకుడిని ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుందన్నది గమనించాలి. విమర్శ అంతా మొదటిదాని మీదే సాగుతుంది.

మనుషుల తేడాను, సిగార్ల తేడాను విడదీసే సాధనాలు సంఖ్యాశాస్త్రంలో ఉన్నాయి. ప్రతి పరీక్షకుడికీ ఒకే రకానికి చెందిన సిగార్లు రెండు మూడు, వేర్వేరు అంకెలతో, వేర్వేరు రోజుల్లో ఇస్తే మార్కుల్లోని మొత్తం తేడాను, అంటే విస్తృతిని, భాగాలుగా విడగొట్టవచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కేంబ్రిడ్జిలో ఆర్.ఎ. ఫిషర్ వద్ద పరిశోధన చేసిన సి.ఆర్. రావు 1970ల తొలినాళ్లలో ప్రతిపాదించిన మింక్యూ పద్ధతి ఇలాంటి విస్తృతి భాగాలను అంచనా కట్టడానికే. ఫిషర్ 1935 నాటి పుస్తకంలోని టీ ప్రయోగం ఇంకా మౌలికమైన పరీక్షను సూచిస్తుంది. పాలు ముందు పోసినవి నాలుగు, టీ ముందు పోసినవి నాలుగు కలిపి ఎనిమిది కప్పులను ఊహతో సరిగ్గా వేరుచేసే అవకాశం 70లో ఒకటి. అదే విధంగా, రెండు ఒకే రకం, ఒకటి వేరు రకం చొప్పున మూడు సిగార్లిచ్చి వేరైనదాన్ని పట్టమంటే, ఊహకు దొరికే అవకాశం మూడింట ఒకటి. ఆ పరీక్షను పదేపదే నెగ్గలేని పరీక్షకుడు వేసే 92కు, 94కు మధ్య తేడా అర్థం లేనిది.

ఒకే రకాన్ని మళ్లీ మళ్లీ కాల్పించే ఈ పద్ధతిని అమలులో పెట్టడానికి అడ్డు ఖర్చు, కాలం. నలుగురు పరీక్షకులు ఇరవై రకాలను మూడేసి చొప్పున కాల్చాలంటే 240 సిగార్లు కావాలి. రోజుకు రెండు చొప్పున ఒక్కొక్కరికి నెల రోజుల పని. పొగాకు హానికరమని తెలిసిన ఈ కాలంలో అంత మోతాదు ఒక మనిషి మీద మోపడం కూడా సమంజసం కాదు. రకాల సంఖ్య తగ్గించడమే దీనికి పరిష్కారం. దమ్మును యంత్రంతో ముందే కొలిచి బిగిసినవాటిని విడిగా నమోదు చేయాలి. సగటుతో పాటు ప్రతి పరీక్షకుడి మార్కును, ఎన్ని సిగార్లు కాల్చారో ఆ సంఖ్యను అచ్చువేయాలి. అప్పుడు 91 అన్న అంకె, నాలుగు సిగార్లకు 90, 91, 91, 92 రావడం వల్ల ఏర్పడిందా, లేక 85, 89, 94, 96 రావడం వల్లనా అన్నది పాఠకుడే చూసుకోగలుగుతాడు.