సరిహద్దు దాటిన సిమ్

అమెరికాకో యూరప్‌కో బయల్దేరే అమ్మానాన్నలకి పిల్లలు చెప్పే జాగ్రత్తల్లో ఒకటి నేను చాలా ఇళ్ళల్లో విన్నాను: “దిగగానే మొబైల్ డేటా ఆపెయ్యండి.” ఈ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళ్తే యూరప్ దగ్గర తేలాను.

1987 సెప్టెంబరులో 13 యూరప్ దేశాల టెలిఫోన్ సంస్థలు కోపెన్‌హేగన్‌లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. అన్ని దేశాల్లోనూ ఒకే ఫోను పనిచెయ్యాలన్నది వాళ్ళ కోరిక. అదే జీఎస్ఎం. 1991 జులై 1న ఫిన్లండ్‌లో దాని మీద తొలి కాల్ వెళ్ళింది. మరుసటేడే ఫిన్లండ్, బ్రిటన్ కంపెనీల మధ్య తొలి రోమింగ్ ఒప్పందం కుదిరింది. అంటే సరిహద్దు దాటినా ఫోను మోగే ఏర్పాటు అప్పటికే ఉంది.

మరి బిల్లు ఎందుకంత? పరాయి ఊళ్ళో మన సిమ్ అక్కడి టవర్‌ని పలకరిస్తుంది. ఆ కంపెనీ మన కంపెనీని ‘ఈయన మీవాడేనా?’ అని అడిగి, దారి ఇచ్చి, తర్వాత లెక్క పంపుతుంది. డేటా మామూలుగా మన దేశపు నెట్‌వర్క్ దాకా వెళ్ళే ఇంటర్నెట్‌లో కలుస్తుంది. హైదరాబాద్ సిమ్‌తో పారిస్‌లో మెట్రో వేళలు చూసుకున్నా సరే, అది ఇండియా చుట్టి రావలసిందే! అయితే అసలు బరువు ఈ దూరానిది కాదు. వచ్చిపోయే అతిథి అక్కడి కంపెనీకి ఖాతాదారు కాడు. అతని కోసం ధర తగ్గించాల్సిన అవసరం ఎవరికీ లేదు.

దాన్ని తగ్గించింది చట్టం. 2007లో యూరోపియన్ యూనియన్ కాల్స్‌కి నిమిషానికి 49 సెంట్ల హద్దు పెట్టింది. 2012లో డేటాకి మెగాబైటుకి 70 సెంట్లు. 2017 జూన్ 15 నుంచి, కొన్ని పరిమితులతో, అదనపు రుసుమే లేదు. బ్రిటన్ యూనియన్‌లోంచి బయటికొచ్చాక అక్కడి కొన్ని కంపెనీలు ఆ రుసుము మళ్ళీ మొదలెట్టాయి. టవర్లు అవే, ఫోన్లు అవే. మారింది చట్టం ఒక్కటే.

ఇలాంటిదే మన దగ్గరా ఉంది. 2014లో రాష్ట్రం రెండయింది కానీ టెలికాం సర్కిల్ ఒక్కటిగానే మిగిలింది. కాబట్టి కర్నూలు సిమ్‌కి హైదరాబాద్ పరాయిది కాలేదు. అదే సిమ్‌కి పక్కనున్న రాయచూరు మాత్రం రోమింగే. ఏది ఇల్లో, ఏది పరాయో కాగితం మీది గీత చెప్పింది.

ఇండియా నుంచి వెళ్ళినవాళ్ళకి యూరప్ చట్టం వర్తించదు. వాళ్ళు అక్కడి సిమ్ కొనుక్కుంటారు, లేదా ఈ-సిమ్ వేసుకుంటారు. బ్యాంకు ఓటీపీ మాత్రం పాత నంబరుకే వస్తుంది. అందుకని ఆ సిమ్మునీ బతికించుకోవాలి. మనిషి వెంట నంబరు తిరిగే ఏర్పాటు ముప్పై ఏళ్ళ కిందటే జరిగింది. నిశ్చింతగా తిరగాలంటే రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ పని ఏ ఇంజనీరూ చెయ్యలేడు.