వెళ్తూ చెప్పిన మాట

ఊరికి బయల్దేరుతూ ఫలానా చోటికని ఇంట్లో చెప్పి వెళ్ళడం మనకు అలవాటే కదా! 1937 మార్చిలో పిఠాపురంలో ఓ బంట్రోతు భార్యతో అలాగే చెప్పాడు. బరంపురం నుంచి ఉత్తరం వచ్చింది, బాకీ తీరుస్తారట, వెళ్తున్నానని. బాకీ 3,000 రూపాయలు. నూటికి 18 వడ్డీ. పుచ్చుకున్నది దివాను గారి కూతురు! బంట్రోతు దగ్గర అంత సొమ్మెక్కడిదని నన్నడక్కండి.

మార్చి 23న పూరీ స్టేషన్లో, మూడో తరగతి పెట్టెలో, దిక్కులేని ట్రంకు ఒకటి కనబడింది. తెరిస్తే అందులో అతని శవం, ఏడు ముక్కలుగా.

దివాను అల్లుడికి ఉరిశిక్ష పడింది. పాట్నా హైకోర్టూ ఖాయం చేసింది. అప్పీలు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్ళింది. హత్యను కళ్ళారా చూసినవాడు లేడు. భార్యతో అన్న మాటా సాక్ష్యమేనా, అప్పటికతనికి చావు భయమే లేదే అని వాదించారు.

1939 జనవరిలో లార్డ్ ఆట్కిన్ తీర్పు చెప్పాడు. చావుకు దారితీసిన పరిస్థితులను చెప్పే మాటైతే చాలు, చావు భయం ఉండనక్కర్లేదన్నాడు. చిత్రమేమంటే, నిందితుడు పోలీసులకు చెప్పింది మాత్రం చెల్లదన్నాడు! అది తీసేసినా బరంపురంలో ట్రంకు కొన్న వైనం వగైరా మిగిలాయి. అప్పీలు కొట్టేశారు.

లా చదివేవాళ్ళకు ‘పాకాల నారాయణస్వామి కేసు’ అంటే ఇదే.