పలకపై తెలుగు

నేడు ఇంటింట ట్యాబు అని పిలువబడుచున్న గాజుపలకను తెరచి, పంటిచక్రపు గుర్తుగల సెట్టింగుల భాగమును తాకి, భాషల పట్టికను వెదకినచో ఒక విశేషము కనిపించును. ఆ పట్టికలో ప్రతి భాషయు తన పేరును తన లిపిలోనే చెప్పుకొనును. పలక మొత్తము చీనా భాషలో నడచుచున్నను అచట తెలుగు మాత్రము 'తెలుగు' అనియే వ్రాయబడి యుండును. దారి తప్పినవాడు గుర్తింపగలిగినది తన భాష పేరొక్కటే గనుక, ఈ మర్యాద ఏర్పడినది.

ఆ మాటను తాకినంతనే ఆజ్ఞలు, హెచ్చరికలు, తేదీలు, వారముల పేర్లు అన్నియు తెలుగగును. తాకుటకు పట్టు కాలము క్షణము. ఆ మాట ఆ పట్టికలోనికి చేరుటకు పట్టిన కాలము మాత్రము చాల ఎక్కువ. ఆ వృత్తాంతమునే ఇచట శ్రోతల ముందుంచుచున్నాము.

యంత్రముతో మన లిపికి పరిచయము పాతదే. 1746, 1747 సంవత్సరములలో జర్మనీలోని హాలె నగరమున బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకములను అచ్చు వేయించెను. సీసపు అచ్చులకు హద్దు లేదు. ఎన్ని వత్తులు, ఎన్ని గుణింతములు కావలెనన్న అన్ని పోత పోసికొనవచ్చును. అచ్చుకూర్చువాని ముందు గళ్లపెట్టె పెరిగెడిది, అంతే. టైపు యంత్రము వచ్చిన పిదప చిక్కు మొదలైనది. దాని మీటలు నలుబది పైచిలుకు. ఒక్కొక్క మీటకు రెండేసి రూపములు. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టము వచ్చి కచేరీలలో తెలుగు టైపు అవసరము పెరిగినప్పుడు, తలకట్టు ఒక మీటతోను, గుడి ఒక మీటతోను, వత్తు వేరొక మీటతోను కొట్టి అక్షరమును అతుకవలసి వచ్చెను. యంత్రము లిపికి లొంగలేదు. లిపియే యంత్రమునకు తలయొగ్గినది.

కంప్యూటరు ఈ వరుసను తిరుగవేసినది. దానికి అక్షరము బొమ్మ కాదు, సంఖ్య. కాన్పూరు ఐ.ఐ.టి.లో పుట్టి, పిమ్మట పూనాలోని సి-డాక్ సంస్థలో పెరిగిన కృషి ఫలితముగా 1991లో 'ఇస్కీ' అను భారతీయ ప్రమాణము వెలువడినది. బ్రాహ్మీ సంతతికి చెందిన లిపులన్నిటికి వర్ణక్రమ మొక్కటే గనుక, అన్నిటిలోని 'క'కును ఒకే స్థానము నిచ్చిరి. మన వర్ణమాలను క్రమపరచిన ప్రాచీనులకు ఇంతకన్న మంచి ప్రశంస వేరొకటి దొరకదేమో! అదే సంవత్సరము అక్టోబరులో ప్రపంచ లిపులకెల్ల ఉద్దేశించిన యూనికోడ్ మొదటి పట్టిక వెలువడినది. అందు తెలుగునకు 128 స్థానములు దక్కినవి. దశాంశ గణనలో అవి 3072తో మొదలగును, 'క' 3093వది.

ఇచట ఒక సూక్ష్మమున్నది. ఆ పట్టికలో వత్తులకు స్థానము లేదు. 'అక్క' అను మాటలోని 'క్క'ను యంత్రము మూడు సంఖ్యలుగా దాచుకొనును: క, పొల్లు, మరల క. రెండవ 'క'ను క్రిందికి దించి వత్తుగా మార్చుట తెరపై అక్షరములను కూర్చు వేరొక ఏర్పాటు పని. ఆ ఏర్పాటు లేని పరికరమున సంఖ్యలన్నియు సరిగానే యుండును, మాట మాత్రము ముక్కలుగానో, ఖాళీ గళ్లుగానో కనిపించును. తెలుగువారు ఇరువది సంవత్సరములు పడిన అవస్థకు మూలమంతయు ఇదియే.

ఆ నడుమ కాలమున అచ్చుకూటములును పత్రికలును ఎవరి దారి వారు చూచుకొనిరి. ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు ముక్కలను నిలిపి సొంత ఫాంటులు చేసికొనిరి. కాగితముపై అవి అందముగానే యుండెను. కాని ఒకరి వ్రాత మరియొకరి యంత్రమున తెరచినచో అర్థములేని ఇంగ్లీషు అక్షరముల కుప్ప కనిపించెడిది. ఇంటర్నెట్టున వార్తలు చదువగోరు ప్రవాసాంధ్రుడు ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటును దింపుకొనవలసి యుండెను. ఆ రోజులలో వ్రాసిన తెలుగు ఎంతయో నేటికిని వెదకుటకు అందదు. అది యంత్రము దృష్టిలో తెలుగే కాదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో 'గౌతమి' ఫాంటు ఇండ్లలోనికి వచ్చినది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనది. అప్పటికి బల్లపై నున్న కంప్యూటరు తెలుగు చదువ నేర్చినదన్నమాట.

చేతిలోని పలక మాత్రము మరల మొదటి తరగతినుండి ఆరంభించెను. 2010లో ఐప్యాడ్ వచ్చినది. 2011 అక్టోబరు 5న కేంద్ర ప్రభుత్వము విద్యార్థులకై 'ఆకాశ్' అను చౌక పలకను ఢిల్లీలో ఆవిష్కరించినది. ఏడంగుళముల తెరగల ఆ పలకల కూర్పు జరిగినది మన హైదరాబాదులోనే. కాని దానిని నడపిన ఆండ్రాయిడ్ 2.2 మూలరూపమున తెలుగును కూర్చు ఏర్పాటు లేదు. తెలుగు గడ్డపై తయారైన పలక తెలుగు చదువలేకుండుట కన్న చిత్రమేమి కలదు? ఆ కాలమున ఒపేరా మినీ అను బ్రౌజరును వాడినవారికి ఒక ఉపాయము జ్ఞాపకముండును. అందొక రహస్యపు పుటలో ఒక మీట మార్చినచో, దూరమున నున్న యంత్రమే తెలుగు అక్షరములను బొమ్మలుగా గీసి పంపెడిది. చదువరి చూచుచున్నది అక్షరములు కావు, వాని ఛాయాచిత్రములు.

2014లో వెలువడిన ఆండ్రాయిడ్ 5.0తో తెలుగు ఆ భాషల పట్టికలో చేరినది. కన్నడము, తమిళము, మలయాళము, మరాఠీ, బెంగాలీ కూడ అప్పుడే చేరినవి. 2016లోని 7.0 రూపమున ఒకటికి మించిన భాషలను వరుసగా పేర్చుకొను వీలు కలిగినది. తెలుగును మొదట, ఇంగ్లీషును రెండవదిగ నుంచినచో, తెలుగు నెరుగని అప్లికేషను ఇంగ్లీషులో పలుకును. ఆ ఏటనే ఫోనులన్నిటను 22 భారతీయ భాషలు చదువ వీలుండవలెనను ప్రమాణమును కేంద్రము తెచ్చినది.

2018 ఫిబ్రవరిలో జరిగిన ఉదంతమును విడువరాదు. ఆపిల్ సంస్థ పరికరములకు 'జ్ఞా' అను ఒక్క అక్షరము, నడుమ కంటికి కనబడని ఒక విడదీత గుర్తుతో చేరినప్పుడు, దానిని కూర్పబోయి ఆయా అప్లికేషనులు కూలిపోయెను. జ 3100, పొల్లు 3149, ఞ 3102, ఆ పిమ్మట విడదీత గుర్తు, దీర్ఘము 3134. ఈ అయిదు సంఖ్యలు ప్రపంచమంతట లక్షల యంత్రములను తికమక పెట్టినవి. ఆ నెల 19న దిద్దుబాటు వెలువడినది. దేశదేశముల పత్రికలు తెలుగు లిపిని గూర్చి ప్రస్తావించిన దినములవి. జ్ఞానము అను మాటలోని మొదటి అక్షరమే యంత్రమునకు మ్రింగుడుపడకుండుట విని నవ్వుకొననివారు లేరు.

సంఖ్యలు, కూర్పు సమకూడిన తరువాత మిగిలినవి మాటలు. ఇదియే మిక్కిలి కష్టమైన భాగమని మా అభిప్రాయము. ఇంగ్లీషు మాటను అట్లే ఉంచవలెనా, తెనిగింపవలెనా? 'సెట్టింగులు' అందరికి తెలిసిన మాట. 'అమరికలు' అనిన పెక్కురు తడబడుదురు. 'కుక్కీలు' అను మాట చూచి కుక్కలెక్కడివని అడుగు పెద్దలు కలరు. తెలుగు మాట నిడివి ఎక్కువైనచో గడిలో పట్టక చివర తెగును; తెర వరుస ఇరుకైనచో వత్తుల పాదములు తెగును. ఇక మర్యాద ప్రశ్న. మీటపై 'రద్దు చేయి' అనియు, ప్రక్క వాక్యమున 'మరల ప్రయత్నించండి' అనియు ఉండును. పలక ముసలివారిని ఏకవచనమున పిలుచునా అని కొందరు నొచ్చుకొందురు. ఆలోచించినచో రెండును సరియే: మీట మనము యంత్రమునకిచ్చు ఆజ్ఞ, వాక్యము యంత్రము మనకు చేయు మనవి. అయితే ఈ భేదమును అన్ని చోట్ల పాటించిన అనువాదము అరుదు. అంకెలు మాత్రము మన పత్రికలలో వలెనే 1, 2, 3 అని యుండును. ౧, ౨, ౩లకు పట్టికలో 3175 మొదలుగ స్థానములున్నను వానిని వాడువారు అరుదు.

ఇంతయు నెందులకని అడుగవచ్చును. ఒక అప్లికేషను మన ఫోను నంబర్ల పట్టికను చూచుటకో, మన మాటను వినుటకో అనుమతి కోరును. ఆ ప్రశ్న ఇంగ్లీషులో నున్నప్పుడు పెద్దలు మనుమని వంక చూతురు, మనుమడు 'నొక్కు తాతా' అనును, తాతగారు నొక్కుదురు. ఆ అనుమతి ఎవరిది? 2022 డిసెంబరునుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో 8వ తరగతి పిల్లలకు ట్యాబులు పంచినప్పుడు అవి ఎన్నియో గ్రామములలోని ఇండ్లకు చేరినవి. తల్లిదండ్రులకు అందలి ప్రశ్న అర్థమగుటయు, కాకుండుటయు ఆ ఒక్క పట్టికపై ఆధారపడి యున్నది.

తెలుగులోనికి మార్చినచో తిరిగి ఇంగ్లీషు రాదేమోనని జంకి అనేకులు దాని జోలికి పోరు. ఆ భయము అక్కరలేదు. భాష ఏదైనను పంటిచక్రము గుర్తు మారదు. భాషల పట్టికలో ఇంగ్లీషు కూడ తన పేరును తన లిపిలోనే చెప్పుకొని కూర్చుండును. ఆండ్రాయిడ్ పలకలకు పదునొకండవ యేట, అనగా 2025 మార్చి 31న, ఐప్యాడ్ పట్టికలోను తెలుగు చేరినది.