ముద్రణాలయములు – తెలంగాణ కవుల అప్రసిద్ధి

ఒక ప్రాంతమున కవులు లేరనుటకును, ఆ ప్రాంతపు కవుల కృతులు అచ్చుపడలేదనుటకును గల భేదమును సాహిత్య చరిత్రకారులు పలుమారు విస్మరించిరి. ఈ విస్మృతికి తెలంగాణము ప్రబలమైన ఉదాహరణము. అచ్చటి కవుల అప్రసిద్ధికి మూలము కవితాశక్తిలోని లోపము గాక, ముద్రణసాధనములు అందుటలోని తారతమ్యమే యని చూపుట మా ఉద్దేశము.

తెలుగు ముద్రణము తెలుగుదేశమునకు వెలుపలనే ఆరంభమైనది. బెంజమిన్ షుల్జ్ 1746-47 ప్రాంతమున జర్మనీలోని హాలే నగరమున తెలుగు క్రైస్తవ గ్రంథములను ముద్రింపించెను. 1814లో శ్రీరాంపురమున కేరీ వ్యాకరణమును, 1816లో మదరాసున కాంబెల్ వ్యాకరణమును వెలువడినవి. ఈ దశలో తెలుగు అచ్చు మతప్రచారకుల చేతను, కంపెనీ ఉద్యోగుల చేతను ఉండెను. ముద్రణాలయము పెట్టువారు ప్రకటన దాఖలు చేసిన చాలునని 1835 నాటి శాసనము కంపెనీ రాజ్యమున నిర్ణయించినది. 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులవారు మదరాసున ముద్రాక్షరశాలను నెలకొల్పిరి. ఇట్టి సంస్థల వలన తాళపత్రములలోని కావ్యములు పాఠశాలలకు చేరినవి. అచ్చుపడినది పాఠ్యమైనది, పాఠ్యమైనది ప్రసిద్ధమైనది.

నిజాం రాజ్యమున పరిస్థితి వేరు. అచ్చట రాజభాష మొదట పారసీకము, పిదప ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధన ఉర్దూలోనే ఆరంభమైనది. తెలుగు చదువు లేనిచో పాఠకులు లేరు. పాఠకులు లేనిచో ముద్రాపకుడు పెట్టుబడి పెట్టడు. అచ్చు పుస్తకము లేనిచో చదువు వ్యాపింపదు. ఈ వలయమున చిక్కి పెక్కు కృతులు కవుల ఇండ్లయందే నిలిచిపోయినవి. 1906లో హైదరాబాదున జన్మించిన విజ్ఞానచంద్రికా మండలియు కొలది వత్సరములకే మదరాసు చేరినది.

1922లో నల్లగొండ నుండి నీలగిరి పత్రికయు, ఇనుగుర్తి నుండి తెనుగు పత్రికయు, పిదప హైదరాబాదు నుండి గోలకొండ పత్రికయు వెలువడుటతో ఈ వలయము సడల నారంభించెను. నిజాం రాష్ట్రమున తెలుగు కవులు లేరను ఆక్షేపణకు సమాధానముగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు కానవచ్చుచున్నారు. వీరు ఆ యేట పుట్టినవారు కారు. ఆ యేట ఒక్కచోట అచ్చున కనబడినవారు. యంత్రము చేతికందిన కొలదికాలములోననే, శూన్యమనబడిన చోట ఇంతటి కవిసమూహము బయల్పడుట గమనింపదగినది.

దీనివలన పరిశోధకులు గ్రహింపవలసిన నియమమొకటి కలదు. ముద్రిత గ్రంథముల పట్టిక ముద్రణాలయముల వ్యాప్తిని కొలుచును గాని కవుల సంఖ్యను కొలువదు. ఆ సంచికయు పద్యకవులదే. ఒగ్గుకథ, శారదకథ చెప్పినవారు దాని పరిధికి వెలుపలనే ఉండిరి. అక్షరము నేర్చినవారికి అచ్చు అందకపోవుట ఒక అసమానత. అక్షరమే అందకపోవుట అంతకు మించినది. మొదటి లోటును 1934 నాటి సంచిక కొంత తీర్చినది. రెండవదానిని తీర్చుటకు గ్రామములకు పోయి వినవలసియున్నది. ఆ భారము మనపై నున్నది.